మొగల్తూరులో పడమటి గోడ దోషం

చేతిలో ఒక సర్టిఫికెట్టు పడితే చాలు, కొవ్వూరు నుంచి రాజమండ్రికి బ్రిడ్జితో పనిలేకుండా నడిచి వెళ్ళిపోవచ్చు అనుకునే వయసు ఒకటుంటుంది. నాకు ఆ వయసు రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, డిగ్రీ అయిపోయి ఖాళీగా తిరుగుతున్నప్పుడు వచ్చింది. ఆ రోజుల్లో మా వీధి కుర్రాళ్ళంతా కంప్యూటర్ కోర్సులకి ఎగబడుతుంటే, నేను పోయి పోయి రాజమండ్రిలో 'ఇళ్ళలో కరెంటు పొదుపు' కోర్సులో చేరాను. ఏ ఇంట్లో కరెంటు ఎక్కడ వృథా అవుతోందో కనిపెట్టి, దాన్ని బాగుచేసే పని కాంట్రాక్టుకి తీసుకోవడం అన్నమాట. ముందుముందు ఇంటింటికీ ఏసీ వస్తుందనీ, ఏసీ ఉన్న ప్రతి ఇంట్లోనూ మనకో పని ఉంటుందనీ మా మాస్టారు చెప్పేవారు. నేను మనసా వాచా నమ్మేశాను (మిగతా పదకొండు మందీ ఊరికే కాలక్షేపానికి వచ్చేవారని తర్వాత తెలిసింది లెండి).

ఒక్కటే మెలిక. మూడిళ్ళు చూసి, రిపోర్టు రాసి, ఇంటివాళ్ళ సంతకం తెస్తేనే సర్టిఫికెట్టు, అది ఉంటేనే సొంతంగా కాంట్రాక్టు. రెండు సంతకాలు మా మేనమామల దగ్గర లాగాను. మూడోదైనా బయటివాళ్ళది తెమ్మని మాస్టారు పట్టుబట్టారు. ఇటు మా నాన్నగారు, "సోమవారానికి ఆ కాగితం రాకపోతే, మంగళవారం నుంచి మీ పెద మావయ్య ఎరువుల కొట్లో కూర్చో" అని తేల్చేశారు. ఆ కొట్లో పురుగుమందు వాసనకి నాకు అన్నం సయించదు. అందుకని శనివారం పొద్దున్నే, రొయ్యల చెరువులవాళ్ళు కొత్త మేడలు కట్టారని విని, మొగల్తూరు బస్సెక్కాను. చేతిలో రిపోర్టు ఫారం, జేబులో అగరుబత్తి పేకట్టు. ఏసీ గదిలో చల్లగాలి ఏ సందులోంచి పోతోందో తెలియాలంటే అగరుబత్తి పొగే మా పరికరం. ఇక ఆ ఫారం సంగతంటారా, దాన్ని ఇంగ్లీషులోంచి తెలుగు చేసిన మహానుభావుడు అంతకుముందు పంచాంగాలు అచ్చేసే ప్రెస్సులో చేసేవాడట. ఎడమవైపు 'దోషం', కుడివైపు 'నివారణ' అని పెద్ద పెద్ద అక్షరాలు వేసి పెట్టాడు.

మొదటి రెండు మేడల్లో గేటు కూడా తియ్యలేదు. మధ్యాహ్నం దాటాక మూడో మేడ దగ్గర పెద్దావిడ ఒకరు వచ్చారు. "ఇల్లు చూసి, దోషాలేమైనా ఉంటే చెబుతామండి. డబ్బులేం తీసుకోమండి" అన్నాను. అంతే, ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, "రండి గురువుగారూ" అని లోపలికి తీసుకెళ్ళారు. నన్ను గురువుగారూ అన్నది ఆవిడే మొదలు. నా ఛాతీ అమాంతం రెండంగుళాలు పెరిగింది. ఏసీ వేయించి, అగరుబత్తి వెలిగించి, కిటికీ రెక్కల వెంట మెల్లగా తిప్పుతుంటే ఆవిడ వెనకాలే చేతులు జోడించుకుని నడిచారు. ఆహా, విద్యుత్తు మీద ఎంత గౌరవం అనుకున్నాను! వంటింట్లో ఫ్రిజ్జు గ్యాసు పొయ్యికి ఆనుకుని ఉంది. "ఇది ఇక్కడ ఉండకూడదండీ, జరిపించాలి" అన్నాను. "ఎటు జరపమంటారు?" "గాలి ఆడే వైపుకండి." "వాయువ్యం అన్నమాట" అని ఆవిడ తల ఊపారు. చివరికి పడమటి గదిలో గోడ మీద చెయ్యి వేస్తే పెనంలా కాలుతోంది. "అసలు దోషమంతా ఈ గోడదేనండీ" అని తీర్పు చెప్పి, బయటివైపు సున్నం, పైన తాటాకు పందిరి అని నివారణ గడిలో రాశాను.

సంతకం కోసం పెన్ను తీశాను. ఆవిడ లోపలికెళ్ళి పళ్ళెంలో తాంబూలం, కొత్త కండువా పట్టుకొచ్చారు. "గురువుగారూ, వరసగా రెండు పంటలు రొయ్య చచ్చిపోయింది. మా ఆయన అన్నం సరిగ్గా తిని ఆరు నెలలైంది. ఈ గోడ దోషం పోతే చెరువు బాగుపడుతుందా?" అన్నారు.

అప్పుడు వెలిగింది అయ్యగారి బుర్రలో దీపం. ఆవిడ నన్ను వాస్తు చూసేవాణ్ణి అనుకుంటున్నారు! తల ఊపితే సంతకం, సర్టిఫికెట్టు, కండువా. ఊపకపోతే ఎరువుల కొట్టు. ఊపేద్దామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. కానీ ఆవిడ ముఖం చూస్తే మెడ కదల్లేదు. "అమ్మా, నేను వాస్తువాణ్ణి కాదండీ. కరెంటు పొదుపు కోర్సువాణ్ణి. రొయ్యల సంగతి నాకు తెలీదండీ" అన్నాను.

ఆవిడ పళ్ళెం కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశారు. "మరి గోడ దోషం అన్నారుగా?"

"ఎండ దోషమండి. మధ్యాహ్నమంతా సూర్యుడు ఆ గోడ మీదే ఉంటాడు, అందుకే ఏసీ ఆగకుండా తిరిగి కరెంటు బిల్లు మోత మోగిపోతోంది."

"సూర్యుడంటే గ్రహమేగా!" అన్నారావిడ, నా కోర్సు మొత్తాన్నీ ఒక్క మాటతో తన దారిలోకి లాక్కుంటూ. తర్వాత నెమ్మదిగా అన్నారు. "ఇంతవరకు నలుగురొచ్చారు బాబూ. మెట్లు పగలగొట్టించారు, గేటు మార్పించారు. చెరువు సంగతి నాకు తెలీదని ఒక్కరంటే ఒక్కరు అన్లేదు. ఏదీ, ఇలా ఇవ్వండి" అని సంతకం చేశారు. సున్నం పని, పందిరి పని కూడా నన్నే చేయించమన్నారు.

నా మొదటి కాంట్రాక్టు అదే. తర్వాతి పంటకి ఆవిడ చెరువులో రొయ్య బ్రహ్మాండంగా పెరిగింది. నాకేం సంబంధం లేదని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. ఎవరు వింటారండీ? ఆ వేసవంతా మొగల్తూరులో పడమటి గోడలకి సున్నాలే సున్నాలు. ప్రతి గేటు దగ్గరా ముందు "నేను వాస్తువాణ్ణి కానండీ" అని చెప్పుకుని, ఆ తర్వాతే పనిలోకి దిగేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఇంకా పెద్ద పెద్ద కాగితాలు చాలా సంపాదించాను. అయినా తెలియని సంగతి ఎవరైనా అడిగితే, తెలిసినట్టు తల ఊపెయ్యాలని మెడ ఇప్పటికీ లాగుతూనే ఉంటుంది. అప్పుడు ఆ ఇరవై రెండేళ్ళవాడు గుర్తొస్తాడు. పిచ్చి వెధవ, జీవితంలో ఎదురైన అసలైన పరీక్షలో పాసయ్యి కూడా, బస్సులో ఇంటిదాకా సంతకం చెరిగిపోతుందేమోనని ఫారం వంకే చూస్తూ కూర్చున్నాడు.