ఎర్రబడిన పసుపు

అది జులై మూడో ఆదివారం, ఉదయం ఎనిమిదీ పది. అయిదో తరగతి చదివే మా మనవరాలు వరండాలో బొమ్మ వేస్తోంది. బళ్లో భూమి గురించి పోటీ పెట్టారు. కొన్న రంగులు వాడకూడదు, ఇంట్లో ఉన్నవాటితోనే వేయాలి. మట్టి, బొగ్గు, గోరింటాకు నూరి పెట్టుకుంది. సూర్యుడికి పసుపు.

నేను వెళ్లి చూసేసరికి సూర్యుడు ఎర్రగా ఉన్నాడు.

పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది. దిష్టి తీసే నీళ్లు అలాగే కలుపుతాం. నాకు ఆకువక్క అలవాటు. సున్నం డబ్బా కిటికీలో ఉంటుంది.

"ఏందే ఇది? సూర్యుడా, దిష్టి నీళ్లా? నా డబ్బాల వేలు పెట్టినవా?"

"ముట్టలే నానమ్మా. బోరు నీళ్లు పోసిన, గంతే."

"నీళ్లకే ఎర్రగైతదా? అబద్ధం గూడ సక్కగ ఆడొస్తలేదు నీకు."

లోపలినుంచి కోడలు నవ్వింది. "డబ్బాల సున్నం గూడ లెక్కవెట్టినవా అత్తమ్మా?"

లెక్కపెట్టలేదు. బోరు మోటారు ఎన్ని నిమిషాలు నడిచిందో రోజూ రాసుకునేదాన్ని, ఆ డబ్బా మూత మాత్రం తీసి చూడలేదు. బొమ్మ చింపేసి, బిందెలో చేతికందిన నల్లా నీళ్లతో నా కళ్లముందే మళ్లీ వేయించాను. సూర్యుడు పసుపుపచ్చగా వచ్చాడు.

మా నాచారంలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆ నీళ్లు తాగడానికే. వంటకు, స్నానాలకు, చెట్లకు బోరే.

మంగళవారం పిల్ల వేళ్ల సందుల్లో పొక్కులు లేచాయి. "సున్నంతోని ఆడితే గట్లనే అయితది" అని కొబ్బరినూనె రాశాను. గురువారం కరివేపాకు చెట్టు ఆకులు రాల్చడం మొదలుపెట్టింది. వానలకేమో అనుకున్నాను. శుక్రవారం మోకాళ్ల నొప్పితో గడపకు పసుపు రాయలేదు. తర్వాతి మంగళవారం బొమ్మకు రెండో బహుమతి వచ్చింది. ఉప్పల్‌లో ఫ్రేము కట్టించి తెస్తే, పిల్ల దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది.

"గది నా బొమ్మ కాదు నానమ్మా."

పదమూడో రోజు, శుక్రవారం, ఉదయం ఆరుంబావు. గడప కడిగి, గిన్నెలో పసుపు వేసి బోరు నీళ్లు పోశాను. వేలితో కలుపుతుండగానే రంగు తిరిగింది. సున్నం డబ్బా కిటికీలో, మూత పెట్టే ఉంది. ఇంకో గిన్నెలో నల్లా నీళ్లతో కలిపాను. అది పసుపుగానే ఉంది. మొదటిది నెత్తురులా ఉంది. అందులో చింతపండు పిండితే మళ్లీ పసుపుపచ్చకు వచ్చింది. చింతపండు పడని వంట మా ఇంట్లో లేదు. పన్నెండు రోజులు ఆ పులుపు చాటునే తిన్నాం.

వెనక ఎప్పుడొచ్చి నిలబడిందో పిల్ల.

"ఇప్పుడు నువ్వు ముట్టినవా నానమ్మా?"

బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చాం. పరీక్ష చేసినతను బోరు మూసేయమన్నాడు. మల్లాపూర్ వైపు, మా గోడ అవతలి షెడ్డులో సున్నంలాగే కాల్చే కాస్టిక్ సోడా డ్రమ్ములు కడిగిన నీళ్లు గుంత తవ్వి నేలలోకి వదులుతున్నారు. మా వరసలో ఇంకా పదకొండు బోర్లు ఉన్నాయి. పసుపు గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. నాలుగిళ్లలో ఎర్రబడింది. మనవరాలిని తోడు రమ్మన్నాను. రాలేదు.

పోయినవి: బోరు ఒకటి. కరివేపాకు చెట్టు ఒకటి. మల్లె కుండీలు మూడు. పన్నెండు రోజులు. నేను చింపిన బొమ్మ ఒకటి. ఆ తర్వాత పిల్ల నాకు చూపించకుండా వేసుకున్న బొమ్మలు, నాకు తెలిసినంతవరకు, ఆరు.