తూకంలో తగ్గిన తెల్లపొడి

ఈ విషయం మీద నేను ఇప్పటికి నాలుగుసార్లు రాశాను. రెండుసార్లు కాలేజీకి, రెండుసార్లు ఆ లెక్చరర్ సారుకు. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

మాది గోదావరిఖని. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి ఆయన కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా నిలిచి ఉండేది. అమ్మ గోరువెచ్చని నీళ్లలో దవాఖానవాళ్లు ఇచ్చిన బోరిక్ పొడి కలిపి దూదితో తుడిచేది. అదే పొడిని మేము కాలనీ క్లబ్బులో కారమ్స్ బోర్డు మీద చల్లేవాళ్లం. అరచేతికి పట్టులా మెత్తగా తగిలేది. తోసీ తోయకముందే స్ట్రైకరు జారిపోయేది. ఆదివారం సాయంత్రాలు నా ఆట చూడటానికి జనం గోడవారగా నిలబడేవారు. గొప్ప కోసం చెప్పడం లేదు, చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, అడగవచ్చు.

చదువయ్యాక బొగ్గు పరీక్షించే ల్యాబులో కొన్నేళ్లు చేశాను. అక్కడ ఏ శాంపిల్ వచ్చినా మొదటి పని ఒకటే. తూచాలి, నూరు డిగ్రీలు దాటిన ఓవెన్‌లో పెట్టాలి, చల్లార్చి మళ్లీ తూచాలి. ఎంత తగ్గితే అంత తేమ. వరుసగా రెండు తూకాలు ఒక్కటయ్యేదాకా వదలకూడదు. నాకు పని నేర్పిన కాక, "తేమ పోయేదాంక తూకాన్ని నమ్మకు బిడ్డా" అనేవాడు. ఆ అలవాటు నా చేతుల్లోకి దిగిపోయింది. తర్వాత డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుగా చేరినప్పుడు దాన్నీ వెంట తీసుకుపోయాను.

ఒక వానాకాలం లెక్చరర్ సారు హైదరాబాద్ నుంచి చిన్న సీసా తెచ్చారు. ఫినైల్ బోరోనిక్ ఆసిడ్. "మీ కారమ్స్ పొడికి దగ్గరి చుట్టమే అన్న" అని నవ్వారు. బోరిక్ ఆసిడ్‌లో బోరాన్‌కు మూడు చేతులూ ఒకలాంటివే. ఇందులో ఒక చేతికి బెంజీన్ వలయం తగిలించి ఉంటుంది. మిగిలిన రెండు చేతులతో అది చక్కెరను పట్టుకుంటుందట. మందుల కంపెనీల్లో ఒక అణువును ఇంకో అణువుకు అతికించడానికి ఈ జాతి ఆసిడ్లనే వాడతారని, ఒక కాన్సర్ మందులో బోరోనిక్ ఆసిడే ఉంటుందని ఆయన చెబుతుంటే, గాజు గొట్టాలు కడగడం ఆపి విన్నాను. అటెండరుకైనా అంత విడమరిచి చెప్పే మనిషి. అందుకే నాకు బాధ ఎక్కువ.

తెచ్చేటప్పుడు బస్సులో సీసా మూత పగిలింది.

"తేమ తగిలినట్టున్నది అన్న, జర ఆరబెట్టు" అన్నారు సారు.

ఎలా ఆరబెట్టాలో చెప్పలేదు. నాకు తెలిసిన ఆరబెట్టడం ఒకటే. తూచాను, సరిగ్గా ఇరవై ఐదు గ్రాములు. ఓవెన్‌లో పెట్టాను. రెండు తూకాలు ఒక్కటయ్యేసరికి అది ఇరవై ఒకటికి కాస్త పైన ఆగింది. ముందు తూకం, తర్వాతి తూకం చీటీ మీద రాసి సీసాకు నేనే అంటించాను. దొంగ అలా అంటిస్తాడా?

మర్నాడు ప్రిన్సిపాల్ ల్యాబుకు వచ్చి ఆ చీటీ చదివారు.

"ఏందన్నా ఇది? సీసా మీద ఇరవై ఐదే ఉన్నది, నువ్వు తూస్తే కూడ ఇరవై ఐదే వచ్చింది. ఇగ తేమ ఎక్కడిది? మిగతాది ఎటు పోయింది?"

"నీళ్లు పోయినయ్ సార్, ఓవెన్ల."

"నీళ్లా! క్లబ్బుల కారమ్స్ బోర్డు మీద చల్లినవేమో, జర యాది చేసుకో."

విద్యార్థులు పగలబడి నవ్వారు. లెక్చరర్ సారు తల వంచుకుని పుస్తకం పేజీలు తిప్పారు.

ఆ సాయంత్రానికే మాట క్లబ్బు చేరింది. "కాకా, కాలేజీ పౌడర్ తెచ్చినవా? బోర్డు అసలే జారుతలేదు" అన్నాడొకడు. నేను స్ట్రైకరు పక్కన పెట్టి లేచి వచ్చాను. ఈ రోజు వరకు మళ్లీ ముట్టుకోలేదు.

వారం తిరక్కముందే సారు అదే పొడి మీద క్లాసు చెప్పారు. మూడు అణువులు గీశారు. వేడి తగిలితే ఆ మూడూ చేతులు కలిపి గుండ్రంగా కూర్చుంటాయట, మూడు నీటి అణువులను బయటికి వదులుతాయట. పైకి పొడిగా కనిపించే పొడిలోంచే నీళ్లు పోతాయి, తూకం ఇంచుమించు ఏడో వంతు తగ్గుతుంది. నీళ్లలో వేస్తే మళ్లీ విడిపోయి పాత రూపానికి వస్తాయి. తర్వాత నేను ఆరబెట్టిన పొడినే కరిగించి ఎర్రని రంగునీళ్లలో పోశారు. పొడి పట్టుకోగానే రంగు పసుపుపచ్చగా మారింది. నేను అందించిన తేనె కలిపితే, పొడి రంగును వదిలి చక్కెరను పట్టుకుంది, నీళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి. అంత అందమైన ప్రయోగాన్ని ఆ ల్యాబులో నేను ఇంకొకటి చూడలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తేనె సీసాతో నేను అక్కడే నిలబడి ఉన్నాను.

క్లాసు అయ్యాక వరండాలో అడిగాను.

"సార్, గిదే ముచ్చట ప్రిన్సిపాల్ సారుకు చెప్పుండ్రి."

"చెప్త అన్న. జర ఆగు."

మొదటి రోజు ఆయనకు ఇది తట్టలేదేమో. దాని మీద నాకు కోపం లేదు. తెలిశాక కూడా చెప్పలేదు, అదీ నా ఫిర్యాదు. చెబితే, ఆరబెట్టమన్నది తానేనని ఒప్పుకోవాల్సి వచ్చేది. ప్రిన్సిపాల్ బదిలీ అయ్యారు, సారు మంచిర్యాల కాలేజీకి వెళ్లారు, నేను రిటైరయ్యాను.

మొన్న క్లబ్బు ముందు నుంచి పోతుంటే బోర్డు మీద కారమ్స్ గోటీలు చెదిరిన చప్పుడు వినిపించింది. కాళ్లు వాటంతట అవే ఆగాయి. లోపలి నుంచి ఒక కుర్రాడు, "పౌడర్ తాత వచ్చిండు, జరుగుండ్రి" అన్నాడు. ఆ మాట ఎందుకు వచ్చిందో వాడికి తెలియదు. పేరు మాత్రం మిగిలింది.

సార్, మీరు జర ఆగమన్నారు. నేను ఆగాను. ఆ పొడి ఎటు పోయిందో మీరు చాక్‌పీసుతో గీసి మరీ చెప్పారు, నా కళ్లతో చూశాను. ఒక ఆదివారం సాయంత్రం మా క్లబ్బుకు వచ్చి ఆ మూడు అణువులను అక్కడా గీయండి. రాలేకపోతే ఒక్క వాక్యం రాసి పంపండి, పోయింది నీళ్లేనని. దాన్ని బోర్డు పక్కన గోడకు అంటించి నేను స్ట్రైకరు పట్టుకుంటాను. ఎప్పుడు పంపుతారు? ఈసారైనా జవాబు చెప్పండి.