రెండో భాగంలో లేని మాట

పోయిన బుధవారం పొద్దున ఇక్కడ సౌదీలో, అల్ ఖర్జ్ ఆసుపత్రిలో మా ఫోర్మన్ చనిపోయాడు. గుండె అన్నారు. మమ్మల్ని పనికి తెచ్చుకున్న యజమాని, అదే కఫీల్, సంతకాలు, మిగతా కాగితాలు అయ్యేదాకా శవం అక్కడే ఉంటుంది. మన సంఘం పత్రికకు ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని అడిగారు. నాలుగూ వెతికాను. రెండు దొరికాయి. మిగతాది జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటిది, ఆయనకు పని వచ్చు. పాల ఫారంలో ఆవుల షెడ్లకు నీళ్లు తోడే మోటార్లు, పైపులు మా పని. మోటారు మీద అరచెయ్యి ఆనించి ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. నాకు పానా పట్టడం నేర్పింది ఆయనే. "మొదలు చేతితోటి తిప్పు తమ్మీ. పానా పట్టినంక బోల్టు ఏం చెప్తదో నీకు ఇనబడది" అనేవాడు. ఈ రోజుకీ అలాగే తిప్పుతున్నాను.

అది తప్పిస్తే ఆయనతో కలిసి ఉండడం కష్టం. గదిలో ఎనిమిది మందిమి. ఏసీ కింది మంచం ఆయనది. చక్కెర డబ్బాకు తాళం వేసేవాడు. ఎవరి బనీను తీగ మీద రెండో రోజు కనిపించినా కింద పడేసేవాడు. అందరం కాకా అనే పిలిచేవాళ్లం, పిలుపులో ప్రేమేమీ లేదు.

రెండో మంచి మాట, శుక్రవారం సినిమా. డిస్కులు వేసే ప్లేయరు ఆయనది, రిమోటు ఆయన చేతిలోనే ఉండేది. అన్నీ హిందీలోకి మార్చిన ఇంగ్లీషు సినిమాలు. ఊళ్ల నుంచి నేరుగా వచ్చిన మాకు హిందీ రాదు. అందుకని తిండి అయ్యాక, పెద్ద మాట వచ్చినప్పుడల్లా బొమ్మ ఆపి తెలుగులో చెప్పేవాడు. మాలో రెండేళ్లు బొంబాయిలో పని చేసొచ్చిన రాజలింగుకు ఒక్కడికే హిందీ వచ్చు. "కాకా, వాడు గట్లనలే" అని మధ్యలో దిద్దేవాడు. "అయితే నువ్వే చెప్పురా పండితుడా" అని ఫోర్మన్ రిమోటు చూపించి మళ్లీ దాచుకునేవాడు. గది నవ్వేది.

రాజలింగు నా పక్క మంచం. నన్ను బావా అని పిలిచేవాడు. శుక్రవారాలు నేను దగ్గర్లోని ఒక ఖర్జూరం తోటకు పోయి మోటార్లు బాగుచేసేవాణ్ణి. కంపెనీ పని కాకుండా బయట పని చేయడం నేరం. ఆ సంగతి రాజలింగుకు ఒక్కడికే చెప్పాను. ఇంట్లో నా భార్యకు ఏడో నెల. కాన్పు నాటికి సెలవు మీద వెళ్లాలి. సరిగ్గా అప్పుడే ఎవరో నా పేరు ఆఫీసులో చెప్పారు. ఇంటికి వెళ్లి రావడానికి ఇచ్చే వీసా, నా ఎగ్జిట్ రీ-ఎంట్రీ, ఆపేశారు. నేను ఇల్లు చేరేసరికి బిడ్డకు ఏడాదిన్నర. నన్ను చూసి తలుపు వెనక్కి పోయి ఏడ్చింది. సెలవంతా నా దగ్గరికి రాలేదు.

చెప్పింది రాజలింగే అనుకున్నాను. ఇంకెవరికీ తెలియదు కదా అనుకున్నాను. అడగలేదు. మాట్లాడడం మానేశాను, నా పళ్లెం తీసుకుని దూరంగా కూర్చునేవాణ్ణి.

సెలవు ఆగిపోయిన ఆ నెలల్లోనే ఫోర్మన్ గూఢచారి సినిమా రెండో భాగం తెచ్చాడు. మొదటి భాగం నాలుగుసార్లు చూశాం. కాల్పులు, కార్లు, గోడలు దూకడం. దానికి తెలుగు అక్కర్లేకపోయింది. ఈ డిస్కు అట్ట మీద కూడా పెద్ద తుపాకి ఉంది. లోపల మాత్రం ఇద్దరు ముసలివాళ్లు ఒక గదిలో కుర్చీలేసుకుని మాట్లాడుకుంటారు.

"కాకా, గీళ్లు లేస్తరా లెవ్వరా?" అని కింది మంచం గంగారాం అడిగాడు.

"గూఢచారంటే ఉరుకుడే అనుకున్నవార? కూసోని ఇను."

"తుపాకేది మరి?"

"అట్ట మీదుంది, సూస్కో పో."

శత్రుదేశంలో పట్టుబడి, ఏళ్ల తరబడి జైల్లో ఉండి వచ్చిన గూఢచారి తన పాత ఆఫీసరును ఒకటే అడుగుతాడు, నా పేరు ఎవరు చెప్పారని. సినిమా అంతా అదే ప్రశ్న. చివరికి ఆఫీసరు చాలాసేపు ఏదో చెప్పాడు. ఫోర్మన్ బొమ్మ ఆపాడు. ఆఫీసరు నోరు సగం తెరుచుకుని నిలబడిపోయింది.

ఫోర్మన్ మా వైపు చూడలేదు. రిమోటు వైపు చూస్తూ, "నేనే చెప్పిన అంటుండు" అన్నాడు. "పైనోళ్లు పిలిచి, ఎవలెవలు బైటికి పోతున్నరో పేర్లియ్యి, లేకుంటె నిన్నే ఇంటికి పంపుతమన్నరట. నౌకరి పోతదని చెప్పిండట. వానికి బిడ్డ పుట్టేదుందని ఎర్కుండే చెప్పిన అంటుండు."

"గూఢచారికి గూడ నౌకరి భయమేనా కాకా?" అన్నాడు గంగారాం.

గది నవ్వింది. నేను నవ్వలేదు. "ఇసొంటోన్ని చెప్పుతోటి కొట్టాలె" అన్నాను గట్టిగా.

"కొట్టాలె" అన్నాడు ఫోర్మన్. బొమ్మ కదిలించాడు.

ఆ రోజు రాజలింగు ఒక్క మాట కూడా దిద్దలేదు. నెల తిరగకుండానే దూరంగా ఉన్న అభా ఊళ్లో పనికి మార్పించుకుని వెళ్లిపోయాడు. అతని పెట్టె బస్సు దాకా మోసింది ఫోర్మనే. నేను మంచం దిగలేదు.

ఇది జరిగి పదకొండేళ్లు. బుధవారం తర్వాత ఫోర్మన్ సామాను సర్దమని నాకు చెప్పారు. మూడు చొక్కాలు, పైపులకు చుట్టే తెల్ల టేపు, తాళంతో సహా చక్కెర డబ్బా, ఆ పాత ప్లేయరు. ఇంటికి పంపేముందు పనిచేస్తుందో లేదో చూద్దామని శుక్రవారం తిండి తర్వాత టీవీకి తగిలించాను. గదిలో ఇప్పుడున్నవాళ్లు ఎవరి ఫోన్లలో వాళ్లున్నారు. డిస్కు లోపలే ఉంది. అదే రెండో భాగం.

పాకిస్తానీలతో ఇన్నేళ్లు పనిచేసి నాకు హిందీ వచ్చింది. ఆఫీసరు అనేది ఇదీ: నాకు తెలియదు, ఆ ఫైళ్లు కాలిపోయాయి, చెప్పినవాడు ఈపాటికి చచ్చి ఉంటాడు. ఒప్పుకోవడం ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఆ గూఢచారికి బిడ్డ కాదు కదా, పెళ్లే కాలేదు.

ఫోర్మన్ ఆ రోజు కల్పించి చెప్పినదాన్ని నేను ఒప్పుకోవడం అనను. ఇంకొకడి నోట్లో పెట్టి అన్నాడు, ఎవరికీ పట్టుబడకుండా. తర్వాత పదకొండేళ్లు నా పక్కనే తిన్నాడు, పడుకున్నాడు. నేను తోటకు పోయేది ఆయనకు ఎలా తెలిసిందో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. శుక్రవారాలు నా పానా పనిముట్ల సంచిలో లేకపోవడం ఆయన కాక ఇంకెవరు చూస్తారు?

గంగారాం దగ్గర నంబరు తీసుకుని రాజలింగుకు ఫోన్ చేశాను.

"ఎవలు?"

చెప్పాను. 

"కాక పోయిండని చెప్పనీకి చేసినవా?"

"గది గాదు. నా పేరు చెప్పింది ఆయనే. నువ్వని నేను..."

"నాకెర్కే" అన్నాడు. "గా సినిమా నాడే ఎర్కైంది. గా మాట సినిమాల లేదుగద."

"మరి చెప్పవైతివి."

"అడిగితే చెప్దునే. చెప్పుతోటి కొట్టాలె అనుకుంట నువ్వు నా దిక్కే చూస్తివి."

బావా అనలేదు. నేను ఏదో అనబోయాను. "డూటీకి పోవాలె" అని పెట్టేశాడు.

ఫోర్మన్ రిమోటు నా చేతిలోనే ఉంది. ఆపే మీట మీది గుర్తు ఆయన బొటనవేలికి ఎప్పుడో అరిగిపోయింది. టీవీలో ఆఫీసరు నోరు సగం తెరుచుకుని ఉంది. గదిలో ఎవరూ ఏమన్నాడని అడగలేదు.