తిందాం రండి

మా సముద్రపొడ్డు ఊరు శాన్ తెల్మోలో అన్నం ముందు కూర్చున్నవాళ్ళు వీధిలో పోయేవాళ్ళని చూసి "తిందాం రండి" అనాలి. పోయేవాళ్ళు "ఇప్పుడే తిన్నాం, కానివ్వండి" అనాలి. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకపోయినా అదే అనాలి. మొదటి పిలుపుకే వచ్చి కూర్చున్నవాణ్ణి ఊరు తిండిపోతుల్లో జమకడుతుంది. రెండోసారి పిలిస్తే నవ్వి తల అడ్డంగా ఊపాలి. మూడోసారి పిలిచి, చెయ్యి పట్టుకుని లాగితే, అప్పుడు చెప్పులు విప్పొచ్చు. ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఇక్కడ పెరిగినవాళ్ళకి నడకతోపాటే వస్తుంది.

ఎయుస్తాక్యో కూడా ఇక్కడే పుట్టాడు. తాక్యో అంటాం అందరం. వయసులో నాకన్నా పెద్దవాడు కాబట్టి నేను కుయా తాక్యో అంటాను, కుయా అంటే అన్నయ్య. మీసం సరిగ్గా రాకముందే సరుకు ఓడలో వంటవాడుగా చేరి, తల నెరిసేదాకా నీళ్ళ మీదే బతికాడు. ఓడలో వంటవాడు గంట కొడతాడు, ఒక్కసారే. పనివాళ్ళందరూ పళ్ళాలు పట్టుకుని దిగిపోతారు. బతిమాలడాలూ బుజ్జగించడాలూ ఉండవు. ఈ మనిషి పాడైపోయింది ఆ గంట దగ్గరే అని నా అభిప్రాయం.

నా పేరు పేతాంగ్. అతని ఇంటి ఎదురుగా చిల్లరకొట్టు నడుపుతున్నదాన్ని. నా కొట్టు కిటికీలోంచి కనిపించినంత ఊరు చర్చి గోపురం ఎక్కినా కనిపించదు.

తాక్యో భార్య పసిటా నెమ్మదైన మనిషి. ఏడాదికోసారి వచ్చే మొగుడి కోసం ఏడాదంతా కర్టెన్లు ఉతికేది. పిల్లలు లేరు. ఆమె జ్వరంతో పోయినప్పుడు ఓడ ఎక్కడో సముద్రం నడుమ ఉంది. అతను ఒడ్డు చేరేసరికి సమాధి మీద పూలు కూడా ఎండిపోయాయి. మళ్ళీ ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. ఇక పని చేయించుకోం అని ఓడవాళ్ళు పంపేశాకే ఇంటికి వచ్చాడు.

వచ్చీ రాగానే వీధి వైపు కిటికీ పక్కన పొడుగాటి బల్ల ఒకటి చేయించి, దాని కాళ్ళు నేలకి మరలు వేసి బిగించాడు. ఓడలో అలా బిగిస్తారట. "ఇల్లేమన్నా ఊగుతుందా కుయా?" అని ఏడిపించాను. "అలవాటు" అన్నాడు. ఆ బల్ల చుట్టూ పదిమంది కూర్చోవచ్చు. కూర్చున్నది అతనొక్కడే. అతనికి ఇక జీవితంలో కావలసిందల్లా ఎవరో ఒకరు వచ్చి ఆ బల్ల దగ్గర తన చేతి వంట తినడం. అంతకు మించి ఏ కోరికా అతని నోట నేను వినలేదు.

పైగా అతని చేతికి ఒక్కడి వంట తెలియదు. బియ్యం పోస్తే డేగిసా నిండేది. చింతకాయ పులుసు పెడితే వీధంతా వాసన. మిగిలిందంతా చేపలమ్మే చోలెంగ్ పందులకి పోయేది. మా వీధిలో అందరికన్నా బాగా తిన్నవి అవే.

రోజూ పన్నెండింటికి కిటికీలోంచి కేక వచ్చేది. నా కొట్టులో గడియారం లేదు, ఆ కేకే నా గడియారం.

"బెర్టింగ్, తిందాం రా."

"ఇప్పుడే తిన్నాను కుయా, కానివ్వు."

బెర్టింగ్ ట్రైసికిల్ బండి నడుపుతాడు. ఆ మాట అనేసి, బండి నా కొట్టు ముందు ఆపి, "బిస్కెట్లు ఇయ్యి పేతాంగ్. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి" అన్నాడు.

"ఎదురింట్లో పులుసు పొగలు కక్కుతోంది కదరా. పిలిచాడు కూడాను."

"ఆ, పిలిచాడులే మాటవరసకి. ఒక్కసారి అనేసి గరిటె ఎత్తాడు. అదీ ఒక పిలుపేనా? దానికి పరిగెత్తడానికి నేనేమన్నా చోలెంగ్ పందినా?"

అందరిదీ ఇదే వరస. చర్చి ఫాదరు కాని, బడి పంతులు కాని, మునిసిపాలిటీ గుమాస్తా కాని, అందరూ ఇప్పుడే తిన్నవాళ్ళే. తాక్యో రెండోసారి పిలవడు. వాళ్ళేమో పిసినారి పిలుపు అనుకుంటారు. అతనేమో నేనంటే ఎవరికీ గిట్టదు అనుకుంటాడు. మధ్యలో పులుసు చల్లారిపోతుంది.

ఒకరోజు కొబ్బరి వెనిగర్ కోసం వచ్చి, సీసా అందుకోకుండా నిలబడ్డాడు.

"పేతాంగ్, ఈ ఊరికి నా మీద ఏమన్నా కోపమా?"

"కోపం దేనికి? పిలవడం నీకు చాతకాదు. మూడుసార్లు పిలవాలి. రెక్క పట్టుకుని లాక్కుపోవాలి. మీ అమ్మ ఎలా పిలిచేదో మర్చిపోయావా? ఓసారి నా జాకెట్టు చెయ్యి చిరిగింది ఆవిడ లాగిన లాగుడికి."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"పసిటా పోయిందని వైర్‌లెస్‌లో తెలిసిన రోజు కెప్టెన్ దగ్గరికి వెళ్ళాను. దగ్గర్లో ఏ రేవైనా సరే, దింపెయ్యమన్నాను. కుదరదన్నాడు. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ వెళ్ళాను. మూడోసారి తలుపు కూడా తియ్యలేదు. అప్పట్నుంచీ ఎవర్నీ ఏదీ రెండోసారి అడగడం నా వల్ల కాదు."

వెనిగర్ సీసా చేతికిచ్చి పంపించాను.

పండగ వచ్చింది. మా ఊరికి పేరిచ్చిన పునీతుడు శాన్ తెల్మో విగ్రహాన్ని పడవలో ఊరేగించి ఒడ్డుకి తెచ్చాక, ఆ రోజంతా ఊళ్ళో ఏ ఇంటికీ తలుపు వెయ్యరు. ఎవరు ఎవరింట్లోకైనా వెళ్ళి తినొచ్చు. తాక్యో ఆశంతా దీనిమీదే. మేకని కోయించాడు. పన్సిత్ నూడుల్స్ రెండు బేసిన్ల నిండా చేశాడు. కొబ్బరి మిఠాయి తాటాకుల్లో చుట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నాకు బెంగగానే ఉంది కాని, కొట్టు ముందు మూగినవాళ్ళు నన్ను కదలనివ్వలేదు.

పండగనాడు కూడా జనం ముందు ఎవరి గుమ్మం తొక్కుతారు? పిల్లవాడి బాప్తిస్మానికి ఎవరు నిలబడ్డారో, పెళ్ళికి ఎవరు సాక్ష్యం నిలిచారో వాళ్ళది. ఊళ్ళో ఏ బాప్తిస్మం నాడూ తాక్యో ఒడ్డున లేడు. అతను ఎవరికీ కుంపారే, అంటే బాప్తిస్మం చుట్టం, కాడు, ఎవరి బిడ్డకీ జ్ఞానతండ్రి కాడు. మిగతా ఇళ్ళవాళ్ళు వీధిలోకి దూకి చేతులు పట్టుకుని లాక్కుపోతుంటే, ఇతను గుమ్మంలో నిటారుగా నిలబడి, ఒక్కొక్కరికీ ఒక్కసారి, "తిందాం రండి" అన్నాడు. అందరూ మర్యాదగా "మళ్ళీ వస్తాం కుయా" అన్నారు. మళ్ళీ వస్తాం అంటే రాము అని.

మర్నాడు పొద్దున్నే ఆ వంటకాలన్నీ పళ్ళాల్లో సర్ది ఇంటింటికీ పంచాడు. అందరూ మెచ్చుకున్నారు. కాని మా ఊళ్ళో పళ్ళెం ఖాళీగా తిప్పి పంపకూడదు. మధ్యాహ్నానికల్లా పళ్ళాలన్నీ వెనక్కి వచ్చాయి, ఒకదాంట్లో పంది మాంసం, ఒకదాంట్లో వేయించిన చేప, మూడింట్లో మళ్ళీ పన్సిత్. పొడుగు బల్ల ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నిండిపోయింది. పళ్ళాలు తెచ్చినవాళ్ళెవరూ గుమ్మం దాటలేదు. తాక్యో ఊరందరి వంటల ముందు ఒంటరిగా కూర్చుని, ఏది ముందు తినాలో తెలియనట్టు చూస్తున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఊరి మీద ఒళ్ళు మండింది కూడా.

ఆ వారంలోనే డేగిసా చర్చి వంటింటికి ఇచ్చేశాడు. నా దగ్గర చిన్న గిన్నె ఒకటి కొన్నాడు. పన్నెండింటి కేక ఆగిపోయింది.

అప్పుడు మొదలైంది ఊరి గోల. "ఏం, మేం ఇప్పుడు కళ్ళకి ఆనడం లేదా ఆయనకి? తలొంచుకుని తినేస్తున్నాడు" అన్నాడు బెర్టింగ్.

"పిలిచినప్పుడు ఎన్నిసార్లు వెళ్ళావురా?"

"వెళ్ళడం వేరు, పిలవడం వేరు. మనిషన్నాక పిలవాలి."

చోలెంగ్ మాత్రం ఉన్నమాట చెప్పింది. "నా పందులు చిక్కిపోయాయే."

నాకైతే పన్నెండెప్పుడయిందో తెలియడం మానేసింది. ఆకలి కూడా వేళకి వెయ్యడం లేదు. నేనూ కొట్టు బల్ల వెనక నిలబడి ఒక్కదాన్నే తింటానని ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనుకోలేదు, ఆ కేక ఆగాకే తెలిసింది. ఒక మధ్యాహ్నం కొట్టు తలుపు దగ్గరగా వేసి, వీధి దాటి, పిలవని పేరంటానికి వెళ్ళాను.

బల్ల మీద పళ్ళెంలో అన్నం, పక్కన ఒక చేప. అప్పుడే వడ్డించుకున్నాడు. చెంచాకి ఇంకా మెతుకు అంటలేదు.

"నేను పిలవలేదే" అన్నాడు.

"పిలవలేదు. అందుకే వచ్చాను."

కూర్చున్నాను. అతను లేచి గిన్నెలోకి చూశాడు. అడుగున తడి తప్ప ఏమీ లేదు.

"ఒక్కడికి వండటం చాతకాక నానా అవస్థా పడ్డాను. మొన్ననే కుదిరింది" అన్నాడు. పళ్ళెం నా ముందుకి తోశాడు. "తిను. నేను ఇప్పుడే తిన్నాను."

"తిందాం రా కుయా" అన్నాను.

"కడుపు నిండుగా ఉంది. కానివ్వు."

రెండోసారి పిలిచాను. నవ్వబోయి, తల అడ్డంగా ఊపాడు. లేచి వెళ్ళి అతని మణికట్టు పట్టుకున్నాను. పాత కాలిన మచ్చలన్నీ వేళ్ళకి తగిలాయి. మూడోసారి పిలుస్తూ లాగాను. వచ్చి కూర్చున్నాడు.

అన్నం సగం సగం చేసుకున్నాం. చేప తలకాయ నాకే వేశాడు. వంట అద్భుతంగా ఉంది, కాని ఇద్దరికీ కడుపు నిండలేదు. ఇన్నాళ్ళూ వీధి వాసన చూసి వదిలేసిన వంట ఇది.

పళ్ళెం కడిగి బోర్లించి, నా వైపు తిరక్కుండానే అడిగాడు. "రేపు బియ్యం ఇంకో పిడికెడు ఎక్కువ పొయ్యనా?"

వినపడనట్టు ఊరుకున్నాను. కిటికీలోంచి నా కొట్టు వైపు చూస్తూ కూర్చున్నాను. అతను తడి చేతులు తుడుచుకున్నాడు.

తర్వాత రెండోసారి అడిగాడు.