రెండో నంబరు కన్ను

ఆ కెమెరాకు ఫోకస్ ఎక్కడ పడాలో కంటితో చెప్పాలి. వ్యూఫైండర్‌లో అడ్డంగా ఒకే వరుసలో అయిదు చిన్న చతురస్రాలు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని చూస్తూ షట్టర్ బటన్‌ను సగం నొక్కితే ఆ చతురస్రం ఎర్రగా మెరుస్తుంది. దాని కింద ఉన్న వస్తువు మీదికి లెన్స్ తిరుగుతుంది. సన్నటి కూత ఒకటి వినిపిస్తుంది. కంటికి కనబడని కాంతి ఒకటి లోపలినుంచి మన కనుపాపను తాకి, వెనక్కి వెళ్లి, చూపు ఎటు ఉందో యంత్రానికి తెలియజేస్తుంది. ముప్పై ఏళ్ల కిందటి ఫిలిం కెమెరా అది. ముందుగా అది మన కన్నును నేర్చుకోవాలి. డయల్‌ను ఒక గుర్తు దగ్గరికి తిప్పి, కుడి చివర మెరిసే చుక్కను చూస్తూ ఒకసారి, ఎడమ చివర చుక్కను చూస్తూ ఒకసారి బటన్ నొక్కాలి. అలా అయిదుగురి కళ్లను అయిదు నంబర్ల కింద గుర్తుపెట్టుకోగలదు. ఒకటో నంబరు బాబాయిది. రెండోది నాది.

బాబాయి నాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల చాలా ఏళ్లు ఫొటో స్టూడియో నడిపి, మూసేసిన మనిషి. నేను పిడుగురాళ్ల వైపు సున్నపురాతి గనుల్లో సర్వే పని చేస్తాను. ఒక ఆదివారం ఆయన బీరువా సర్దుతుంటే సాయం వెళ్లాను. ఈ కెమెరా బయటపడింది. అప్పటికే ఆయన రెండు కళ్లకూ శుక్లాలు ముదిరి, ఒకటో నంబరు ఆయన చూపును పట్టుకోవడం మానేసింది. "మిషన్లతో బతికేవాడివి. నీ మాటన్నా వింటదేమో చూడు," అని నా చేతిలో పెట్టాడు.

నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. నీడలో, ఎండలో, ట్యూబ్‌లైట్ కింద, కళ్లజోడుతో, కళ్లజోడు లేకుండా విడివిడిగా నా కన్నును దానికి అప్పగించి, ఫలితాలు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మొదట్లో ఇరవైసార్లు చూస్తే తొమ్మిదిసార్లే నేను కోరిన చతురస్రం మెరిసేది. చివరికి పదిహేడుకు వచ్చింది. కెమెరాను నిలువుగా పట్టుకుంటే ఈ ఏర్పాటు అసలు పనిచేయదని నాలుగో రోజున కనిపెట్టాను. ఆయన స్టూలు మీద కూర్చుని, "ఇప్పుడు నా చెవి. ఇప్పుడు జేబు. ఇప్పుడు ఎనకమాల తలుపు గొళ్లెం," అని చెబుతుండేవాడు. నేను చూపు మార్చేవాణ్ని. ఆయనకు నేను మసకగానే కనిపించేవాణ్ని కాబట్టి, కూత విని తల ఊపేవాడు. ఆ కూత చెప్పేది ఫోకస్ కుదిరిందని మాత్రమే. దేని మీద కుదిరిందో అది చెప్పదు.

టీ కొట్టు దగ్గర నలుగురిలో నా గురించి గొప్పగా చెప్పడం మొదలుపెట్టాడు. నేను వద్దనలేదు.

ఆయన స్టూడియోలో ఒక నియమం ఉండేది: మనిషికి ఒక్క ఫ్రేమే. కూర్చోబెట్టి, గడ్డం సరిచేసి, కావలసినంతసేపు చూసి, ఒక్కసారే నొక్కేవాడు. రెండోసారి నొక్కాడంటే మొదటిసారి సరిగా చూడలేదని అర్థమట. ఎవరైనా ఇంకొకటి తీయమని అడిగితే నొచ్చుకునేవాడు.

మరొక సంగతి. ఇంట్లో ఎవరైనా పోతే, పెద్దకర్మ నాటికి పటం కావాలని జనం ఆయన దగ్గరికే పరుగెత్తేవారు. పెళ్లి గ్రూపు ఫొటోలో మూడో వరుసలో గోరంత ఉన్న తలను కత్తిరించి, పక్కవాడి భుజాన్ని చెరిపేసి, ఆయన పటం కట్టేవాడు. కంటి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చిన రోజున నన్ను పిలిచి, తన మొహం కోసం తనవాళ్లు ఆల్బమ్‌లు తవ్వుకునే గతి పట్టకూడదని, ఆపరేషన్‌కు ముందే తన ఫొటో నేను తీయాలని అన్నాడు. అప్పటికే టేకు చెక్కతో ఫ్రేమ్ కట్టి, పాలిష్ ఆరడానికి గోడకు తగిలించి ఉంచాడు. ఖాళీ ఫ్రేమ్.

తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, నున్నగా గడ్డం గీయించుకుని కూర్చున్నాడు. కుడివైపు కిటికీనుంచి మెత్తటి వెలుతురు పడుతోంది. మా మధ్య దూరం రెండు మీటర్లు. ఆయనకూ గోడకూ మధ్య ఒక మీటరు. లెన్స్‌ను పూర్తిగా తెరిచాను. ఆ దూరంలో, ఆ లెన్స్‌తో, స్పష్టంగా వచ్చే లోతు ఆరేడు సెంటీమీటర్లకు మించదు. కళ్లు కుదరాలంటే కళ్లనే చూడాలి.

చూశాను. అయితే బటన్ సగం నొక్కే క్షణంలో, నావైపునుంచి చూస్తే ఆయన తలకు ఎడమపక్క గోడ మీద ఉన్న ఖాళీ ఫ్రేమ్ కుడివైపుకు రెండు డిగ్రీలు వాలి ఉందని గమనించాను. వాలును కొలవడమే నా ఉద్యోగం. చూపు అటు పోయింది. ఎడమ చివరి చతురస్రం ఎర్రగా మెరిసింది. అది మెరవడం నేను చూశాను, వేలు మాత్రం అప్పటికే కిందికి దిగిపోయింది. కూత వచ్చింది. షట్టర్ పడింది.

"కుదిరింది," అంటూ బాబాయి స్టూలు మీదనుంచి లేచాడు.

ఇంకొకటి తీస్తానని అప్పుడే అనవలసింది. అనలేదు. ఆయన నియమం అడ్డొచ్చిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అడ్డొచ్చింది టీ కొట్టు దగ్గర నాకు వచ్చిన పేరు.

నలుపు తెలుపు ఫిలిం కాబట్టి మా స్నానాల గదిలోనే కడిగాను. ఆరిన తరువాత లూపు, అంటే కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దం, పెట్టి చూశాను. ఫ్రేమ్ చెక్కలోని గీతలు, మేకు తల, పాలిష్ మీద నిలిచిన ఒక వెంట్రుక అన్నీ స్పష్టంగా ఉన్నాయి. వాటి ముందు బాబాయి మొహం ఆవిరి పట్టిన అద్దంలో కనిపించినట్టు ఉంది. ఆ సాయంత్రమే ఆయన వచ్చి, నెగెటివ్‌ను కిటికీకి ఎత్తి పట్టుకుని చూశాడు. ఆయనకు ఏమీ కనిపించలేదు.

"కళ్లు కుదిరినయ్యా?"

"కుదిరాయి బాబాయ్."

ఆపరేషన్ అయ్యాక ఏదో వంక చెప్పి మళ్లీ తీయవచ్చునని అనుకున్నాను. ఆయన ఆగలేదు. మర్నాడే నెగెటివ్ తీసుకుని బస్సెక్కి సత్తెనపల్లి వెళ్లాడు. అక్కడ ఆయనకు ముప్పై ఏళ్లుగా ప్రింట్లు వేసి పెట్టిన భాయ్ ఉన్నాడు. దుకాణం ముందుభాగంలో ఇప్పుడు జిరాక్స్, పాస్‌పోర్ట్ ఫొటోలు. వెనక చీకటిగదిలో నెగెటివ్‌ను పెద్దది చేసి ప్రింట్ వేసే పాత ఎన్‌లార్జర్, ఫొటో పేపర్ ఆఖరి డబ్బా ఒకటి మిగిలి ఉన్నాయి. పెళ్లిళ్ల సీజన్లో ఇద్దరూ ఒకే క్యారియర్ విప్పుకుని తినేవారట. బాబాయి ఎప్పుడు ఫోన్‌లో నవ్వినా అవతల ఉండేది భాయే.

సాయంత్రానికి బాబాయి మండిపడుతూ తిరిగొచ్చాడు. భాయ్ ప్రింట్ వేసి చూసి, గ్రెయిన్, అంటే ఫిలిం మీది సన్నరవ్వ, స్పష్టంగా నిలబడింది గాని మొహం నిలబళ్లేదని, ఫోకస్ వెనక చెక్క మీద పడిందని అన్నాడట. మా వాడు లూపు పెట్టి చూశాడు, లోపం నీ మిషన్‌లోనే ఉందని బాబాయి వాదించాడు. భాయ్ ఎన్‌లార్జర్ బిగించి, లెన్స్ తుడిచి, ఆ ఆఖరి డబ్బాలోంచే మరి రెండు ప్రింట్లు వేశాడు. అవీ అలాగే వచ్చాయి. అప్పుడు బాబాయి, జిరాక్స్ కోసం వచ్చిన జనం వింటుండగా, నీ కళ్లు బోయినయ్ అన్నాడు. భాయ్ నెగెటివ్‌ను కవర్లో పెట్టి తిరిగిచ్చేస్తూ ఒక్కటే అడిగాడట.

"నువ్వు ఎవరి కళ్లతో మాట్లాడతన్నావన్నా?"

బాబాయి ఈ మాటను నాకు అప్పజెప్పి, "చూశావా, ఎంత మాటన్నాడో," అన్నాడు. కెమెరా నా ఒళ్లోనే ఉంది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. నేను, "పోనీలే బాబాయ్," అన్నాను.

ఆపరేషన్ గుంటూరులో జరిగింది. అంతా బాగానే అయింది. పలకరించడానికి వెళ్లిన ప్రతిసారీ ఆయన తన కోడల్ని ఒకటే అడుగుతూ కనిపించాడు, భాయ్ ఫోన్ చేశాడా అని. చేయలేదు. తానుగా చేయడానికి ఆయనకు మనసొప్పలేదు, ఎందుకంటే తన మాటే నిజమని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇచ్చినవాణ్ని నేను. రోజూ గనిలో మిల్లీమీటర్ల తేడాకు కొలత మళ్లీ తీయించేవాణ్ని, ఆ మంచం పక్కన కూర్చుని బత్తాయి తొనలు వలిచాను.

డాక్టరు చదువుకోవడానికి అనుమతించిన రోజు సాయంత్రం వెళ్లేసరికి, ఆయన తెల్లకాగితం మీద నెగెటివ్ పరిచి, లూపు పెట్టుకుని వంగి ఉన్నాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

"చెక్క బాగా వచ్చింది," అన్నాడు. లూపు తీయకుండానే, "నువ్వు చూసినప్పుడు కూడా ఇట్టాగే ఉందా?"

"ఇట్టాగే ఉంది."

"మరి కుదిరినయ్యన్నావే."

నేను నెగెటివ్‌ను కాగితం అంచుకు సమంగా జరిపాను.

"నా మొహం తప్పిపోతే పోయింది. నేను భాయ్‌ని నలుగుర్లో ఏమన్నానో నీకు తెల్సు. తెల్సీ పోనీలే అన్నావు." లూపును గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. "పొద్దున్నే రా. సత్తెనపల్లి బోదాం."

బస్సులో ఆయన నల్లకళ్లద్దాలతో కిటికీ పక్కన కూర్చుని, దారిలోని బోర్డులన్నీ పెదాలతో చదువుకుంటూ వచ్చాడు.

భాయ్ ఎవరివో సర్టిఫికెట్లు జిరాక్స్ తీస్తున్నాడు. రండి, కూర్చోండి అన్నాడు, కొత్తవాళ్లతో అన్నట్టు. నేను కూర్చోకుండా, జరిగింది జరిగినట్టు, ఎరుపు మెరవడం చూశానన్న దానితో సహా చెప్పాను. భాయ్ చేతిలోని కాపీలు పూర్తి చేసి, లెక్కచూసి ఇచ్చేసి, అప్పుడు నావైపు తిరిగాడు.

"ఏందట్టా చూశావ్ అందులో?"

"ఫ్రేమ్ వంకరగా ఉంటే దాన్ని చూశాను."

"ఎంత వంకర?"

"రెండు డిగ్రీలు."

"రెండు డిగ్రీలకి నన్ను గుడ్డోణ్ణి చేశారు," అన్నాడు, నెమ్మదిగా.

"వాడు కాదు. ఆ మాట అన్నది నేను," అన్నాడు బాబాయి. "నా కళ్లు కానరాక, నీ కళ్లను అన్నా."

భాయ్ జిరాక్స్ మిషన్ ఆపేశాడు. టీలు తెప్పించాడు. తాగడం అయ్యాక లోపలికి వెళ్లి మూడు ప్రింట్లు తెచ్చాడు, పారేయలేదు. వెనక పెన్సిల్‌తో ఎన్ని సెకన్లు వెలుతురు ఇచ్చాడో రాసి ఉంది. మూడూ నా చేతికే ఇచ్చాడు. మళ్లీ ఫొటో తీస్తే ప్రింట్ వేస్తావా అని బాబాయి అడిగాడు.

"పేపర్ అయిపోయిందన్నా," అన్నాడు భాయ్. ఆ 'అన్నా' మళ్లీ వచ్చిందని బాబాయి మొహం చూస్తే తెలిసింది. డబ్బా నిజంగానే ఖాళీ అయిందని కూడా తెలిసింది.

పేపర్‌కు ఆర్డర్ పెట్టాను. అది రావడానికి నెల పైన పడుతుందన్నారు. మరుసటి వారం భాయ్ ఫోన్ చేశాడని కోడలు చెప్పింది. బాబాయి నాకు చెప్పలేదు.

నిన్న ఆయన కెమెరా తెప్పించుకుని, ఒకటో నంబరుకు మారి, కొత్త కన్నును దానికి నేర్పుకున్నాడు. నన్ను స్టూలు మీద కూర్చోమన్నాడు. లోపల ఫిలిం లేదు. "కదలమాక," అని, సగం నొక్కి పట్టుకుని చాలాసేపు చూశాడు. కూత వచ్చింది. పూర్తిగా నొక్కలేదు.

"నీ కళ్ల మీదే పడింది," అన్నాడు. "నువ్వే ఇటు చూట్టం లే."

నేను గోడవైపు చూస్తున్నాను. ఫ్రేమ్ ఇంకా ఖాళీగానే ఉంది, అదే వాలుతో. దాన్ని సరిచేయడానికి నాకు చెయ్యి రాలేదు.