మా కాలవ మీద పంతం

మలావీలో కొన్నాళ్ళు స్వచ్ఛంద సేవ చేసి వచ్చాక నాకు అంటుకున్న జబ్బు ఒకటే: ప్రతి మాటా "అక్కడైతేనా" అని మొదలుపెట్టడం. అక్కడ ఊరంతా పారలు పట్టుకుని, పాట పాడుకుంటూ కాలవ బాగుచేసుకునేది. నేనూ గొంతు కలిపేవాణ్ణి. వాళ్ళు మర్యాదస్తులు, ఏమీ అనలేదు.

ఇక్కడ రొంపిచెర్ల దగ్గర మా పంట కాలవ నిండా తూటికాడ కలుపు. మా మిరప చేను కాలవకు చిట్టచివర. సాగర్ నీళ్ళు వదిలినా మా దాకా చుక్క రాలేదు. మొక్కలు వాడిపోయి తలలు వేలాడేశాయి. రైతులందరూ కాలవ బాగుచేసే కాంట్రాక్టరు కోసం ఎదురుచూస్తున్నారు. ఈ దేశం బాగుపడదని భోజనాల దగ్గర ప్రకటించాను.

"దేశం సంగతి తర్వాత చూద్దాంలే. పార ఆ మూలనుంది," అన్నాడు నాన్న.

మర్నాడు మా చేను దగ్గర మొదలుపెట్టి ఎగువకు తూటికాడ పీక్కుంటూ, పూడిక తీసుకుంటూ పోయాను. దారిన బండి ఆపిన ప్రతివాడూ కాంట్రాక్టు ఎవరిప్పించారనే అడిగాడు. ఊరికే చేస్తున్నానన్నాను. నేను సర్పంచికి నిలబడుతున్నానని మధ్యాహ్నానికల్లా ఊళ్ళో తేల్చేశారు.

సాయంత్రానికి పై చేను పెదనాన్న హద్దు చేరాను. వరసకు పెదనాన్న. పోయిన పంచాయతీ ఎన్నికల్లో చెరో పార్టీ అయినప్పటి నుంచి ఆయనకీ నాన్నకీ మాటల్లేవు. నా పార అక్కడ పడగానే వచ్చి నిలబడ్డాడు.

"మా గట్టు ముందు మీ పార ఏందిరా?"

"నీళ్ళు రావట్లేదు పెదనాన్నా."

"రేపు మా కాలవ కూడా నేనే బాగుచేయించానని మీ నాయన ఊరంతా చెప్పుకోటానికా? పక్కకి జరుగు."

తన పార తెచ్చుకుని తన హద్దు మేర తనే బాగుచేసుకున్నాడు. ఆయన పై చేను మా పార్టీ బాబాయిది. పెదనాన్న చేశాడని తెలిశాక బాబాయి ఊరుకుంటాడా? ఇలా చేను తర్వాత చేను, ఎవరికీ ఎవరూ రుణపడకుండా తూము దాకా కాలవ శుభ్రమైంది. ఎవరూ పాడలేదు. అసలు ఎవరూ మాట్లాడుకోలేదు.

వారం తిరక్కుండా మిరప సాళ్ళలోకి నీళ్ళొచ్చాయి. నాన్న గట్టు మీద నిలబడి చాలాసేపు చూసి, పెదనాన్న హద్దులో పని నా పనికంటే నీటుగా ఉందన్నాడు. ఎన్నికల తర్వాత ఆయన గురించి నాన్న అన్న మొదటి మంచి మాట అదే. ఆయన చెవిన పడకుండా జాగ్రత్తపడ్డాడు.

ఆ రోజే మలావీ స్నేహితుడు ఫోన్ చేశాడు. కాలవ బాగుచేసుకున్నామంటే సంతోషించి, మీరు ఏ పాట పాడతారని అడిగాడు.

"మా దగ్గరైతేనా," అని మొదలుపెట్టాను.