‘ఇతరులు’ గడిలో మంగ్లి

2011. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చిన్న ఆరోగ్య పరిశోధన సంస్థలో నేను స్టాటిస్టీషియన్‌ని. ఎల్బీనగర్, నాగోల్ బస్తీల్లో గర్భిణుల రక్తహీనత మీద, రక్త నమూనాలు తీసుకుని సర్వే చేశాం. ఆ బృందంతో నేనూ ఇంటింటికీ తిరిగాను. ఏ వర్గం ఆడవాళ్లలో సమస్య ఎక్కువో మేం తేల్చి చెబితే, దాన్నిబట్టి వైద్య శిబిరాలు పెడతారు.

ఆ రోజుల్లో అందరికీ ఒకటే ఆరా: ఇక్కడివాళ్లా, ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లా? మా డైరెక్టర్ కూడా మోడల్‌లో ఆ రెండు వర్గాలే ఉంచమన్నారు. మోడల్ అంటే, వయసు, ఆదాయం లాంటి తేడాలను పక్కకు తీసి వర్గాలను పోల్చే లెక్క. ఇంట్లో తెలుగు మాట్లాడని మిగిలిన వాళ్లందరినీ ‘ఇతరులు’ అనే గడిలో పడేశారు. నల్లగొండ తండాల నుంచి వచ్చి అపార్ట్‌మెంట్ల దగ్గర ఇసుక మోస్తున్న లంబాడా ఆడవాళ్లూ, ఉత్తరాది వ్యాపారుల ఇళ్ల ఆడవాళ్లూ అందులో ఒకటే. ఆకలికీ అరగనితనానికీ కలిపి సగటు తీస్తే ఏం వస్తుంది? ఫరవాలేదని వచ్చింది.

నేను లంబాడాలను విడదీసి మళ్లీ లెక్క కట్టాను. దానికి పార్షియల్ పూలింగ్ అనే పద్ధతి ఉంది. చిన్న వర్గం అంచనాకు పెద్ద వర్గాల సమాచారం ఊతమిస్తుంది కానీ దాన్ని పూర్తిగా మింగేయదు. అంచనా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పే పరిధి చాలా వెడల్పుగా వచ్చింది, నిజమే. అయితే అందులో మంచి వైపు కొస కూడా తీవ్రమైన రక్తహీనతే.

డైరెక్టర్ ఆ కాగితం పూర్తిగా చదవలేదు. “గుప్పెడు మంది కోసం రిపోర్టు పాడు చేసుకుంటామా? కలిపెయ్యండమ్మా,” అన్నారు. అచ్చయ్యేదాకా ఎవరి రక్త పరీక్ష ఫలితాలూ వాళ్లకు కూడా చెప్పొద్దన్నారు.

నాకు కోపం ఆగలేదు. మర్నాడు బంద్. ఆటోలు లేవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నాగోల్‌కు నడిచి వెళ్లాను. మా సర్వేలో అందరికంటే తక్కువ రక్తం ఉన్నట్టు తేలిన లంబాడా కూలీ మంగ్లి సగం కట్టిన మెట్ల మీద ఆయాసపడుతూ కూర్చుని ఉంది. ఏడో నెల. పెదవులు తెల్లగా పాలిపోయాయి. నన్ను గుర్తుపట్టింది.

“మేడం, నా నెత్తురు తీస్కపోయిన్రు గదా. ఏమొచ్చింది అండ్ల?”

చాలా తక్కువ ఉందని, వెంటనే దవాఖానకు పోవాలని చెప్పాను.

“గిన్ని దినాలు ఎందుకు జెప్పలే మరి?” అంది. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువగా కాల్చింది.

ఆమె భర్తను పిలిపించి, మేస్త్రీ స్కూటర్ మీద ఇద్దరినీ ప్రభుత్వ దవాఖానకు పంపించాను. ఇంకో రెండు వారాలు ఆలస్యమైతే తల్లి దక్కేది కాదని అక్కడి డాక్టరమ్మ అన్నది. రక్తం ఎక్కించారు. బిడ్డ బరువు తక్కువగా పుట్టినా, ఇద్దరూ బతికారు. మిగిలిన లంబాడా ఆడవాళ్ల ఫలితాలు కూడా నేనే పోయి చెప్పాను. డైరెక్టర్ మెమో ఇచ్చారు. రిపోర్టు మీద నా పేరు వద్దని రాసిచ్చాను.

రెండు ప్రాంతాల ఆడవాళ్ల ఆరోగ్యంలో తేడా లేదంటూ ఆ రిపోర్టు వెలువడింది. దాని మీద రెండు పక్షాలూ వాదించుకున్నాయి. లంబాడాల ఊసు ఎవరూ ఎత్తలేదు. శిబిరం నాగోల్‌కు రాలేదు.

కొద్దిమందే ఉన్నారు కాబట్టి కచ్చితంగా చెప్పలేం అనడం శాస్త్రం. కొద్దిమందే కాబట్టి లేనట్టే అనడం అబద్ధం. రెండోదాన్ని మొదటిదాని పేరుతో చెలామణి చేసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.